కోనలో నడక నేర్పిన పాఠాన్ని బొమ్మగా వేయడం ఎలా: మొదటి అడుగు నుంచి ఫ్రేము దాకా

తిరుపతిలో మా ఇంటి ముందు గదిలో ఒక నీటిరంగుల బొమ్మ ఉంది. రెండు ఎర్రటి బండల మధ్య ఎండిపోయిన వంక, అంటే చిన్న వాగు, దాని ఇసుకలో నీళ్ళ కోసం చేత్తో తీసిన ఒక చిన్న గుంట, చెలమ, అంతే. ఇంటికి వచ్చినవాళ్ళు దాని ముందు కాసేపు నిలబడి ఒకటే అడుగుతారు. "మేమూ తిరుమల కొండకు నడిచే వెళ్తాం. దారిలో మనసుకు ఏదో తడుతుంది. ఇంటికొచ్చి కాగితం ముందు కూర్చుంటే మాత్రం ఏమీ రాదు. మీరెలా వేస్తారు?"

వాళ్ళకు విడివిడిగా చెప్పిందే ఇక్కడ వరసగా రాస్తున్నాను. పెన్సిల్ పట్టుకోవడం, నీటిరంగు కలపడం కొంచెం వస్తే చాలు. ఒక పూట నడక, మూడు రోజుల విరామం, రెండు పూటల బొమ్మ పని పడుతుంది.

ఒక్క మాట ముందే చెప్పాలి. పాఠాన్ని ఇంటి నుంచి మూట కట్టుకుని వెళ్ళకండి. "ఈసారి వైరాగ్యం మీద బొమ్మ వేస్తాను" అనుకుని బయలుదేరితే వైరాగ్యం గురించి మీకు ముందే తెలిసిన బొమ్మే వస్తుంది. నడిచేటప్పుడు కాళ్ళు ఆగిన చోట దొరికింది ఏదో అదే మీ పాఠం. పద్ధతి అంతా ఆ చోటును పోగొట్టుకోకుండా కాగితం దాకా తేవడం కోసమే.

## 1. ఏ కోనకు వెళ్ళాలి

కోన అంటే కొండల నడుమ ఇరుకు లోయ. మన వైపు వాటికి కొదవ లేదు. అయితే శేషాచలం అడవిలో ఎక్కడ పడితే అక్కడ దూరకూడదు. అది ఎర్రచందనం ఉన్న రక్షిత అడవి. అనుమతి లేకుండా లోపల తిరిగితే అటవీశాఖ వాళ్ళు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. అందరికీ అనుమతి ఉన్న దారులే మనకు సరిపోతాయి.

- శ్రీవారి మెట్టు. శ్రీనివాసమంగాపురం వైపు నుంచి 2,388 మెట్లు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. దూరం తక్కువ, ఎక్కుడు నిటారు, కాబట్టి తప్పనిసరిగా ఆగుతారు.
- అలిపిరి దారి. 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. మోకాళ్ళ మెట్టు వచ్చేలోపు అవ్వాచారి కోన లోతుగా కనిపిస్తుంది. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు చిరుతల భయం వల్ల వేళల నియమాలు పెడుతుంటారు. బయలుదేరే ముందు అలిపిరిలో అడగండి.
- తలకోన. తిరుపతి నుంచి సుమారు 60 కిలోమీటర్లు. జలపాతం ఎత్తు 270 అడుగులు. వేసవిలో నీళ్ళు సన్నబడినప్పుడు రాతి గోడ బాగా కనిపిస్తుంది. బొమ్మకు అదే మంచిది.
- తుంబురు తీర్థం. పాపవినాశనం దాటి అడవిలో ఉంది. ఫాల్గుణ పౌర్ణమికి జరిగే ముక్కోటి (తీర్థ స్నానాల పండుగ) సమయంలో భక్తులను పంపుతారు. కొండ నిలువునా చీలినట్టుండే అసలైన కోన ఇది. కానీ ఆ రోజు జనం ఎక్కువ, ఒకచోట కూర్చునే వీలుండదు. బొమ్మ కోసమైతే రెండోసారికో మూడోసారికో పెట్టుకోండి.
- గండికోట. కడప జిల్లా, జమ్మలమడుగు దగ్గర. పెన్నా నది కోసుకుంటూ పోయిన ఎర్రటి కోన. అంచున చాలాచోట్ల కంచె ఉండదు. స్కెచ్ వేసేటప్పుడు వెనక్కి జరిగి కూర్చోండి.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళి అరిజోనాలో గ్రాండ్ కాన్యన్ చూసొచ్చే పెద్దవాళ్ళు కూడా నన్ను అడుగుతుంటారు. పద్ధతి అక్కడికీ ఇదే. ఒక్క తేడా గుర్తుంచుకోండి. మన మెట్ల దారిలో ముందు ఎక్కుతాం, తర్వాత దిగుతాం. ఎడారి కోనలో ముందు దిగుడు, అలసిపోయాక ఎండలో ఎక్కుడు. తెచ్చుకున్న నీళ్ళలో మూడో వంతు అయిపోగానే వెనక్కి తిరగాలి. ఎక్కడైనా సరే, ఎండిన వంక అడుగున కూర్చునే ముందు ఎగువన మబ్బు పట్టిందేమో చూడాలి. మన నెత్తిన చుక్క పడకపోయినా ఎగువ వాన నీళ్ళు ఒక్కసారిగా మీదికి వచ్చేస్తాయి.

## 2. ముందు రోజు సర్దుకోవాల్సినవి

సంచి తేలిగ్గా ఉండాలి. రంగుల పెట్టె, స్టాండు, పెద్ద ప్యాడ్ అన్నీ మోసుకెళ్తే నడక అంతా సామాను గురించే ఆలోచన. రంగులు ఇంట్లోనే వదిలేయండి. కోనలో కావలసింది గుర్తులు రాసుకోవడానికి సరిపడా సరంజామా.

- అరచేతిలో పట్టే చిన్న నోట్‌బుక్, గట్టి అట్ట ఉన్నది
- రెండు పెన్సిళ్ళు: ఒకటి 2బి, ఒకటి 6బి (ఇది ఇంకా మెత్తగా, నల్లగా పడుతుంది)
- అట్టముక్కలో కోసిన చిన్న కిటికీ (3 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల ఎత్తు చాలు)
- మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, వేసవిలో మూడు. కొండపైన ప్లాస్టిక్ నీళ్ళ బాటిళ్ళు నిషేధం, స్టీలు సీసా తీసుకోండి
- ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లేదా ఉప్పు వేసిన మజ్జిగ
- టోపీ లేదా తువ్వాలు
- ఫోన్, సైలెంట్‌లో

చెప్పుల్లేకుండా ఎక్కుతామని మొక్కుకున్నవాళ్ళు తెల్లవారగానే మొదలుపెట్టాలి. ఎండలో రాయి పదిన్నరకే కాలుతుంది. అరికాళ్ళు మండుతుంటే మనసు ఎక్కడా నిలవదు.

ఒక్కరే వెళ్ళకండి. తోడుగా వచ్చేవాళ్ళకు మాత్రం ముందే చెప్పండి, "నేను మధ్యలో మాట్లాడను, ఒకచోట పావుగంట కూర్చుంటాను" అని. చెప్పకపోతే వాళ్ళు కంగారు పడతారు, మీకు టెన్షన్.

## 3. నడిచేటప్పుడు

మొదటి అరగంట ఏమీ వెతకొద్దు. ఫోటోలు తీయొద్దు. ఊపిరి, అడుగు, చెమట, ఇవి ఒక దారికి రావాలి. ఇంటి దగ్గర వదిలేయాల్సిన మాటలన్నీ ఈ అరగంటలోనే తలలో తిరిగి అలసిపోతాయి.

తర్వాత మూడింటిని గమనించండి. ఒళ్ళు ఎక్కడ ఆగమంది? కళ్ళు దేని దగ్గరికి రెండోసారి వెళ్ళాయి? ఏ చోట నోట మాట ఆగిపోయింది? మూడూ ఒకేచోట జరగాలని లేదు. రెండు కలిసినా చాలు, అదే మీ చోటు.

అందమైన చోటు వేరు, మీ చోటు వేరు. వ్యూపాయింట్ దగ్గర అందరూ ఆగుతారు. మీ కాళ్ళు ఆగింది ఒక్కోసారి చెత్తబుట్ట పక్కనున్న పగిలిన మెట్టు దగ్గర కావచ్చు. సందేహం లేకుండా ఆ మెట్టునే తీసుకోండి.

## 4. ఆగిన చోట పావుగంట

ఈ పావుగంట సరిగ్గా గడిస్తే బొమ్మ సగం అయినట్టే. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

మొదటి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. నీళ్ళు తాగండి.

తర్వాత ఏడు నిమిషాలు అట్ట కిటికీలోంచి చూస్తూ మూడు బుల్లి స్కెచ్‌లు వేయండి, ఒక్కోటి అగ్గిపెట్టె అంత. వివరాలు వద్దు. కళ్ళు సగం మూసి చూస్తే చీకటి, వెలుతురు, మధ్యరకం, ఈ మూడే మిగులుతాయి. చీకటిని 6బితో నింపండి, వెలుతురును ఖాళీగా వదలండి.

చివరి మూడు నిమిషాలు రాయండి. అయిదు చిన్న వాక్యాలు: ఏం వినిపించింది, ఏం వాసన, ఒంటికి ఎలా ఉంది, ఏ రంగు ఆశ్చర్యపరిచింది, ఎవరైనా ఏమైనా అన్నారా. "శాంతి", "భక్తి", "అనంతం" లాంటి పెద్ద మాటలు ఇప్పుడు రాయకండి. "మోకాలి వెనక చెమట చల్లగా తగిలింది" అని రాస్తే వారం తర్వాత కూడా ఆ క్షణం తిరిగి వస్తుంది. "శాంతి" అని రాసుకుంటే ఏమీ రాదు.

మా ముందు గది బొమ్మ ఎలా దొరికిందో చెబితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒక వేసవిలో శ్రీవారి మెట్టు ఎక్కి దిగి, చంద్రగిరి వైపు కొండ అంచున ఉన్న ఒక పల్లె వంక వెంట నడుస్తున్నాను. పైన శిలాతోరణం దగ్గర ఎంతో సేపు కూర్చున్నా ఏమీ తట్టలేదని మనసులో కొంచెం వెలితిగా ఉంది. వంక రెండు బండల మధ్య సన్నబడే చోట ఒక అవ్వ మేకలను నీడకు తోలి, ఇసుకలో చేత్తో చెలమ తీస్తోంది. మోచేయి లోతు తీసేసరికి అడుగున నీళ్ళు ఊరాయి, టీ రంగులో. నాకు దాహంగా ఉంది. దోసిలి పట్టబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"తొందరపడితే బురదే వస్తాది నాయినా. కొంచేపు ఊరుకో, తేటపడతాది."

ఇద్దరం కూర్చున్నాం. నీళ్ళ మీద తేలిన ఇసుక రేణువులు ఒక్కొక్కటే కిందికి దిగాయి. కాసేపటికి ఆ గుంటలో ఆకాశం ముక్క కనిపించింది. నా నోట్‌బుక్‌లో ఆ రోజు రాసుకున్న వాక్యాల్లో ఒకటి: "గుంట అంచున ఆమె వేళ్ళ గుర్తులు నాలుగు, ఆరిపోతున్నాయి."

## 5. ఇంటికొచ్చాక మూడు రోజులు ముట్టుకోకండి

ఆ రాత్రే బొమ్మ వేయాలనిపిస్తుంది. వద్దు. నడిచొచ్చిన రోజు ప్రతిదీ ముఖ్యంగానే కనిపిస్తుంది, అన్నీ కాగితం మీదికి ఎక్కుతాయి.

మూడు రోజులయ్యాక నోట్‌బుక్ తెరవకుండానే ఒక తెల్ల కాగితం మీద జ్ఞాపకం ఉన్నంత వరకు స్కెచ్ వేయండి. తర్వాత నోట్‌బుక్ తెరిచి పోల్చండి. జ్ఞాపకంలో మిగిలినవి ఉంచండి. పోయినవాటిలో రెండిటికి మించి వెనక్కి తేవద్దు.

అప్పుడు ఒక వాక్యం రాయండి. పెద్ద మాటలు ఇప్పుడు కూడా అక్కర్లేదు. ఇంట్లో పిల్లవాడికి చెప్పినట్టుండాలి. నా వాక్యం: "కదపకుండా ఉంటే నీళ్ళు తేటపడతాయి." మనసు గురించి అందులో ఒక్క ముక్క లేదు. అయినా అది మనసు గురించేనని వేసేవాడికి తెలుసు, చూసేవాళ్ళకూ తెలుస్తుంది.

వాక్యంలో "మరియు", "కానీ" వస్తే అవి రెండు పాఠాలు. ఒకటి ఈ బొమ్మకు, రెండోది ఇంకో బొమ్మకు.

## 6. వాక్యాన్ని బొమ్మలోకి దించడం

చాలామంది ఇక్కడ పొరపాటు పడతారు. పాఠం కనిపించాలని ఆకాశంలో ఓంకారం, బండ మీద దీపం, దూరంగా పద్మాసనంలో మనిషి పెడతారు. మొదటి రెండేళ్ళు నేనూ అదే చేశాను. అవి గుర్తులు మాత్రమే. చూసేవాళ్ళు గుర్తును చదివేసి ముందుకు వెళ్ళిపోతారు, అక్కడ నిలబడరు.

పాఠాన్ని మోయాల్సింది బొమ్మలోని ఒకే ఒక నిర్ణయం. కింది ప్రశ్నలు వేసుకోండి.

వాక్యంలో పరిమాణం ఉందా? "కొండ ముందు నేనెంత" లాంటిదైతే మనిషి బొమ్మ ఎత్తు కాగితం ఎత్తులో ఇరవయ్యో వంతు దాటకూడదు. ముఖం, చేతులు గీయకండి, నిలువుగా రెండు బ్రష్ దెబ్బలు చాలు.

భారం ఉందా? బరువైన చీకటి ఆకారాన్ని కాగితం పై భాగంలో పెట్టండి. కింద వెలుతురు ఉంచండి. చూసేవాళ్ళ భుజాలకు ఆ బరువు తెలుస్తుంది.

వదులుకోవడం ఉందా? కాగితంలో మూడో వంతు రంగు తగలకుండా వదిలేయండి. ఇది చెప్పినంత తేలిక కాదు, చెయ్యి ఊరుకోదు. ముందే ఆ భాగం మీద ఇంకో కాగితం కప్పి పని చేయండి.

ఎదురుచూడటం ఉందా? బొమ్మలో అన్నిటికన్నా చిన్నదాన్ని అన్నిటికన్నా చివర వేయండి. దాని చుట్టూ ఉన్నదంతా దానికోసం ఆగినట్టుండాలి.

నా చెలమ బొమ్మకు పనికొచ్చింది ఈ చివరిదే. కాగితమంతా ఎరుపు, గోధుమ, నేరేడు రంగు. ఆకాశం అసలు వేయలేదు. ఆకాశపు నీలం కాగితం మొత్తం మీద ఒక్క చెలమలోనే, చింతగింజ అంత. అవ్వను కూడా వేయలేదు. వేస్తే బొమ్మ ఆవిడ కథ అవుతుంది. ఆమె వేళ్ళ గుర్తులు నాలుగు ఉంచాను.

మీ నిర్ణయం ఏదైనా సరే, అట్ట మీద ఒక చిన్న నలుపు–తెలుపు నమూనా వేసి గదికి అవతలి వైపు పెట్టి చూడండి. అంత దూరం నుంచి ఆ ఒక్క విషయం కనిపిస్తే ముందుకు పోండి.

## 7. రంగులు, కాగితం

కాగితం దగ్గర పొదుపు చేయొద్దు. 300 జీఎస్‌ఎం కోల్డ్ ప్రెస్ కాగితమే, అంటే మందంగా, కొంచెం గరుకుగా ఉండేదే కొనండి. పలచటి డ్రాయింగ్ షీట్ నీళ్ళు తగలగానే ఉబ్బి అలలు తిరుగుతుంది, గుంటల్లో రంగు నిలిచిపోతుంది. నాలుగు వైపులా టేపుతో ప్లైవుడ్ పలక మీద అంటించండి.

ట్యూబుల్లో అయిదు చాలు: యెల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, ఇండియన్ రెడ్, క్రిమ్సన్, అల్ట్రామెరీన్ బ్లూ. నల్ల రంగు కొనకండి. బర్న్ట్ సియెన్నాలో అల్ట్రామెరీన్ కలిపితే కావలసిన చీకటి అంతా వస్తుంది, అదీ ప్రాణం ఉన్న చీకటి. బ్రష్షులు మూడు: గుండ్రటివి 6, 12 నంబర్లు, ఒక అంగుళం వెడల్పు ఫ్లాట్.

వీలైతే ఎరుపును మీరే తయారు చేసుకోండి. పండక్కి అరుగులకు పూసే ఎర్రమట్టి, జాజు, ఇందుకు బాగా పనికొస్తుంది. కొండ మీద రాళ్ళు, మట్టి ఏరుకుని తేవద్దు, అంగట్లో దొరికే జాజు ముద్దే తీసుకోండి.

1. జాజును మెత్తగా నూరి గ్లాసుడు నీళ్ళలో కలపండి. ఒక నిమిషం ఆగితే ముతక ఇసుక అడుక్కు పోతుంది.
2. పైనున్న ఎర్ర నీళ్ళను మాత్రం ఇంకో గిన్నెలోకి ఒంపండి. రాత్రంతా కదపకుండా ఉంచండి.
3. పొద్దున పైన తేరిన నీళ్ళు తీసేస్తే అడుగున వెన్నలాంటి మట్టి ఉంటుంది. ఆరబెట్టి పొడి చేయండి.
4. తుమ్మబంక ఒక వంతు, వేడి నీళ్ళు రెండు వంతులు కలిపి నానబెట్టి, పలచటి గుడ్డలో వడకట్టండి. అందులో కొద్దిగా తేనె, ఒక లవంగం వేయండి. తేనె రంగును పగలకుండా ఉంచుతుంది, లవంగం బూజు పట్టనివ్వదు.
5. పొడి, బంక నీళ్ళు సమానంగా తీసుకుని గాజు పలక మీద బాగా నూరండి.

కాగితం మీద గీత వేసి ఆరాక వేలితో రుద్దండి. పొడి రాలితే బంక తక్కువైంది. మెరుస్తూ పగుళ్ళు వస్తే ఎక్కువైంది. రంగుల ముగ్గు ఎర్రపొడి మాత్రం వాడకండి, అది ఎండకు వెలిసిపోతుంది.

## 8. కాగితం మీద, వరసగా

పొద్దున తొమ్మిది లోపు కూర్చోండి. వేసవి మధ్యాహ్నం తిరుపతి వేడికి వాష్ (నీళ్ళు ఎక్కువ కలిపిన పలచటి రంగు పూత) పూర్తిగా పరుచుకోకముందే ఆరిపోతుంది. ఫ్యాన్ ఆపండి.

మొదటిది, గీతలు. మన కొండ రాయిని గీయడానికి ఒక కిటుకు ఉంది. ఊళ్ళో నిలబడి కొండ వైపు చూడండి. పైన కత్తితో కోసినట్టు నిటారుగా ఉన్న ఎర్రటి గోడ క్వార్ట్‌జైట్. దాని కింద వాలుగా దిగే చోట ఉన్నది గ్రానైట్, దాని బండలు గుండ్రంగా ఉంటాయి. రెండూ కలిసే గీత ఘాట్ రోడ్డు పక్కన కనిపిస్తుంది, అక్కడ బోర్డు కూడా పెట్టారు. పై రాయికీ కింది రాయికీ వయసులో కోట్ల ఏళ్ళ తేడా ఉంది. గీసేవాళ్ళకు కావలసింది ఇది: పై గోడకు ముందు అడ్డంగా పొరలు, తర్వాత నిలువుగా చీలికలు. కింద మూలలు లేని గుండ్రాలు. ఈ వరస తప్పితే కొండ ఇటుక గోడలా వస్తుంది.

రెండోది, లేత వాష్. తెల్లగా వదలాల్సిన చోట్లు తప్ప మిగతా కాగితమంతా తడిపి, యెల్లో ఓకర్‌ను బాగా పలచగా పూయండి. అది తడిగా ఉండగానే బండల చోట కొంచెం జాజు వదలండి. దాన్ని బ్రష్‌తో తిప్పకండి, పాకనివ్వండి. లేచి వెళ్ళిపోండి.

మూడోది, ఆరిందా చూడటం. వేళ్ళ వెనక వైపుతో కాగితాన్ని ముట్టుకోండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. సగం ఆరిన రంగు మీద చెయ్యి పెడితే బురదే. నాకైతే ఈ దశలో ప్రతిసారీ ఆ అవ్వ చెయ్యి అడ్డం వచ్చినట్టుంటుంది.

నాలుగోది, మధ్యరకం ముదురు. ఇండియన్ రెడ్, బర్న్ట్ సియెన్నా కలిపి బండల నీడ వైపులు వేయండి. ఫ్లాట్ బ్రష్ అంచుతో ఒక్క దెబ్బలో రాతి పొర వస్తుంది. దూరపు గోడలు లేతగా, కొంచెం నీలం కలిపి, దగ్గరివి ముదురుగా, వెచ్చగా ఉంటే కోనకు లోతు వస్తుంది.

అయిదోది, నీడలు. ఎర్ర రాతి మీద నీడ నల్లగా ఉండదు. కోనలో ఈసారి జాగ్రత్తగా చూడండి, నేరేడు పండు తొక్క రంగులో ఉంటుంది. అల్ట్రామెరీన్‌లో క్రిమ్సన్ కలిపి పలచగా ఒకే పూత పూయండి. కింది రంగు కనిపిస్తూ ఉండాలి. రుద్దొద్దు.

ఆరోది, వెనక్కి జరగడం. పలకను గోడకు ఆనించి ఓ పూట వదిలేయండి. ఇంకేం వేయాలని కాదు, ఇంకేం వేయక్కర్లేదో చూడండి.

చివరిది, ఆ ఒక్క విషయం. మీ వాక్యం మోసేది ఏదో అది ఇప్పుడు వేయండి. ముందు పక్క కాగితం మీద నాలుగైదు సార్లు వేసి చెయ్యి కుదిరాక, బొమ్మ మీద ఒక్కసారే. నా చెలమ నీలానికి పది క్షణాలు కూడా పట్టలేదు. దానికోసం వదిలిన తెల్ల చోటును మాత్రం రెండు రోజులు కాపాడాల్సి వచ్చింది.

## 9. ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి మందు

రంగులు బురదగా అయ్యాయి. మూడు కన్నా ఎక్కువ రంగులు కలిసి ఉంటాయి, లేదా తడి మీద తడి రుద్ది ఉంటారు. పూర్తిగా ఆరనివ్వండి. శుభ్రమైన తడి బ్రష్‌తో మెల్లగా తడిపి టిష్యూతో అద్దితే కొంత లేస్తుంది. అలా లేచిన మసక చోటును దూరపు రాతిగోడగా మార్చుకోవచ్చు.

గోబిపువ్వు లాంటి మరకలు వచ్చాయి. సగం ఆరిన వాష్ మీద నీళ్ళ చుక్క పడింది. రాతి మీద వస్తే వదిలేయండి, సహజంగానే ఉంటుంది. ఆకాశంలో వస్తే మొత్తం తడిపి మళ్ళీ పూయడమే దారి.

బొమ్మ క్యాలెండరులా ఉంది. అంతటా ఒకే వెలుతురు, అన్ని రంగులూ ఒకే ఘాటు. ఫోన్‌లో ఫోటో తీసి నలుపు–తెలుపులోకి మార్చి చూడండి. అంతా ఒకే బూడిద రంగులో కనిపిస్తే నీడ పూత ఇంకొకటి కావాలి.

కొండ చిన్నగా కనిపిస్తోంది. కొండ శిఖరం కాగితంలోపలే ఇమిడిపోయి ఉంటుంది. పై అంచు దాటి పోనివ్వండి. బొమ్మ అయిపోయి ఉంటే పైభాగం కత్తిరించడం గురించి ఆలోచించండి.

ఫోటో చూసి వేస్తే ప్రాణం రాలేదు. ఫోన్ కెమెరా నీడల్ని నల్లగా చేస్తుంది. ఫోటోను ఆకారాలు సరిచూసుకోవడానికే వాడండి, రంగులకు మీ నోట్‌బుక్ మాటల్నే నమ్మండి.

మధ్యలో దుఃఖం వచ్చింది, ఆపేశాను. ఇది తప్పు కాదు, అయినా చాలామంది చెప్పారు కాబట్టి రాస్తున్నాను. కన్నవాళ్ళు పోయాక మొక్కు తీర్చుకోవడానికి నడిచినవాళ్ళకు ఇలా అవుతుంది. బ్రష్ కడిగి పెట్టేయండి. బొమ్మను చింపకండి. నెలకో, రెండు నెలలకో అదే కాగితం దగ్గర మళ్ళీ కూర్చోండి. కింది పూత ఆరిపోయి సిద్ధంగానే ఉంటుంది.

## 10. టేపు తీశాక

టేపును కాగితం నుంచి బయటికి, ఏటవాలుగా, నెమ్మదిగా లాగండి. వెనక వైపు పెన్సిల్‌తో తేదీ, చోటు, మీ వాక్యం రాయండి. వాక్యాన్ని ముందు వైపు రాయకండి, ఎంత అడిగినా.

ఫ్రేము కట్టించేటప్పుడు బొమ్మకూ గాజుకూ మధ్య మౌంట్ అట్ట పెట్టమని షాపులో గట్టిగా చెప్పండి. లేకపోతే వానాకాలం చెమ్మకు రంగు గాజుకు అంటుకుంటుంది. దేవుడి గదిలో పెట్టాలనుకుంటే దీపానికి, కర్పూరానికి ఎదురుగా కాకుండా పక్క గోడకు తగిలించండి. నూనె పొగ సందుల్లోంచి లోపలికి పోతుంది. నేరుగా ఎండ పడే గోడా వద్దు. మా ఇంట్లో దానికి దొరికింది చెప్పుల స్టాండు పైనున్న గోడ. కొండకు బయలుదేరేవాళ్ళు చెప్పులు వేసుకుంటూ ఒకసారి తలెత్తి చూస్తారు.